బిజిలీ బీడీ, డెబ్బై–ముప్పై

హైదరాబాదు ఛత్తా బజార్‌లో మా పెళ్ళికార్డుల ప్రెస్సుకు వచ్చేవాళ్ళు ఈమధ్య కార్డుల మాట తర్వాత ఎత్తుతున్నారు. ముందు నా జేబు వైపు చూస్తారు. "నర్సింగన్నా, గా పొగ పెన్ను యాడ దొరుకుతదే? మా బామ్మర్దికి గూడ ఒకటి తెప్పియ్యరాదు" అంటారు. వాళ్ళకు కనిపించేది నల్లటి పెన్నులాంటి వస్తువు, దాని కొసన వెలిగే చిన్న దీపం, నోట్లోంచి వచ్చే తెల్లటి ఆవిరి. పట్టపగలు గొంతు మూసుకుపోతుంటే గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి కనపడడు. నోటితో చెప్పబోతే సగం విని, "హౌ గానీ, ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదా" అని లేచిపోతారు.

అందుకే రాసి పెడుతున్నాను. రాసినదైతే మధ్యలో లేచిపోయినా మళ్ళీ వచ్చి చదువుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటికీ పొద్దున లేవగానే నా చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోతుంది, గాలి ఆడుతోందా లేదా అని. ఆ భయాన్ని ఒకసారి కాగితం మీద కూర్చి చూస్తే దాని పొడవూ వెడల్పూ తెలుస్తాయేమోనని ఆశ.

నేను డాక్టరును కాను. ఏడో తరగతితో బడి మాని ప్రెస్సులో చేరినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పగలు సీసపు అక్షరాలు కూర్చుతూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ చదువంటే నాకు గర్వం. ఈ జబ్బులో అదే చదువు నన్ను ఒకచోట ఒడ్డుకు చేర్చింది, ఇంకోచోట ముంచినంత పని చేసింది.

తొంభైలలో

మా ప్రెస్సులో తెలుగు, ఇంగ్లీషు కూర్పు నాది. గడుల పెట్టెలోంచి ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి పంక్తి పేర్చాలి. ఉర్దూను మాత్రం పేర్చేవాళ్ళం కాదు, చేత్తో రాయించేవాళ్ళం. రాసేవాడు ఖలీల్ భాయ్. అందంగా రాసే లేఖకుణ్ణి కాతిబ్ అంటారు. రెల్లు కలంతో అతను రాస్తుంటే కార్డు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు తొందర మరిచిపోయి చూసేవారు. ఒకే బల్లకు చెరోవైపు కూర్చునేవాళ్ళం. నా పంక్తి ఎడమనుంచి నడిచేది, అతని పంక్తి కుడినుంచి. "మనిద్దరం నడుమల కలుస్తం నర్సింగ్, ఫికర్ జెయ్యకు" అనేవాడు.

అతని చెయ్యి చూస్తూ చూస్తూ ఉర్దూ అక్షరాలు పట్టుబడ్డాయి. తర్వాత అంకెలు. మాటలు కుడినుంచి చదివినా అంకెలను మనలాగే ఎడమనుంచి చదవాలని అతనే చెప్పాడు. డెబ్బై రాస్తే ఏడు ఎడమన, సున్నా కుడిన. ఈ సంగతి తెలియనివాళ్ళకు చెప్పి ఆశ్చర్యపరచడం నాకు సరదాగా ఉండేది.

ప్రూఫు చదివేటప్పుడు బీడీ ఉండాలి. అది మా ప్రెస్సు అలవాటు. బీడీ అంటించి ప్రూఫు పట్టుకుంటే, అది ఆరిపోయేలోపు తప్పులు దొరకాలి. పెళ్ళిళ్ళ కాలంలో ఎన్ని ప్రూఫులుండేవో మీరే ఊహించుకోండి.

తొంభై ఏడు చలికాలంలో మొదటిసారి భయపడ్డాను. సీసపు అక్షరాల పెట్టె ఎత్తి బల్లమీద పెట్టాను, అంతే. లోపలికి పోయిన గాలి బయటికి రానంటోంది. ఛాతీ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. వరండాలో బల్లల మీద మాలాంటివాళ్ళం వరసగా కూర్చున్నాం. ప్రతివాడి ఒళ్ళోనూ ఒక పెద్ద కవరు. ఎవరికి వాళ్ళం ఫిల్ము తీసి ట్యూబులైటుకు ఎత్తి చూసుకోవడం, ఏమీ తెలియక మళ్ళీ కవర్లో పెట్టుకోవడం. నేనూ చూశాను, నలుపు తెలుపు ప్రూఫులాగే ఉంది. జీవితమంతా ప్రూఫులు చదివినవాణ్ణి, నా ఊపిరి ప్రూఫులో ఒక్క ముక్క అర్థం కాలేదు.

బీడీ మానమన్నారు. మానాను. మళ్ళీ పట్టాను. ఇలా ఎన్నిసార్లో! నా భార్య యాదమ్మ మొదట్లో ఏడ్చేది, తర్వాత తిట్టేది, ఆ తర్వాత రెండూ మానేసి నా చొక్కాలు విడిగా ఉతకడం మొదలుపెట్టింది.

రెండువేల ఎనిమిది, వానలు వెనకపట్టాక

అప్పటికి సీసం పోయింది, కంప్యూటరు వచ్చింది. బీడీ మాత్రం పోలేదు. మేముండేది ఫలక్‌నుమాలో. స్టేషను దగ్గర పట్టాలు దాటే మెట్లవంతెన ఎక్కుతుండగా సగంలో కళ్ళముందు చీకటి కమ్మింది. అరుద్దామంటే అరవడానికి గాలి లేదు. చుట్టూ మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేను గాలి కోసం నోరు తెరిచి, చెయ్యి చాపి నిలబడితే, ఎవరికో దారి చెబుతున్నాననుకుని ఒకాయన పక్కకు తప్పుకుని పోయాడు.

కింద సీతాఫలాలు అమ్మే ముసలమ్మ చూసింది. బుట్ట వదిలేసి మెట్లెక్కి వచ్చింది. "కూసో బిడ్డా, కూసో. ముందుగాల్ల ఊపిరి బైటికిడువు, తీసుకునుడు తర్వాత. దీపమూదినట్టు ఊదు" అంది. ఆమె కొంగుతో విసురుతూ, పెదవులు సున్నాలా చుట్టి తను కూడా నాతోపాటు ఊదింది. ఆమె పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది. తన మొగుడు ఇదే జబ్బుతో పోయాడట.

ఈసారి ఆసుపత్రిలో డాక్టర్ సుజాత గారు ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించారు. "ఈ భాగం దెబ్బతింది, ఇది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలి. మీరు బీడీ మానకపోతే మీకు నేను చేయగలిగింది చాలా తక్కువ." గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

నికోటిన్ కోసం నమిలే బిళ్ళలు రాసిచ్చారు. నమిలితే నోరంతా పుళ్ళు. నా ఒళ్ళే అట్లాంటిది. చిన్నప్పటినుంచీ ఒకరికి పడేది నాకు పడదు. చేతి గడియారం వెనక మూత తగిలినచోట దద్దురు, ఎవరైనా అత్తరు పూసుకుని పక్కన కూర్చుంటే తుమ్ములు. బిళ్ళలు మానేశాను. ఎదురుగా రెండే దారులు. బీడీ లేకుండా పిచ్చెక్కినట్టు ఉండడం, లేదా బీడీతో చావడం. మూడోది లేదనుకున్నాను.

రెండువేల తొమ్మిది మొదట్లో

ఖలీల్ భాయ్ తమ్ముడు జాఫర్ సౌదీలో, జిద్దాలో ఒక కొట్లో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి ప్రెస్సుకు వచ్చాడు. నా మొహం చూసి జేబులోంచి వెండిరంగు గొట్టం ఒకటి తీశాడు.

"ఏందిది?"

"బ్యాటరీ సిగరెట్ అన్నా. నిప్పు లేదు, బూడిద లేదు. లోపల దవా లాంటి నీళ్ళుంటయ్. పీలిస్తే వేడై ఆవిరొస్తది."

ఖలీల్ భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బిజిలీ బీడీ అనరాదు మరి" అన్నాడు. ఆ పేరే నిలిచింది.

మొదటి పీల్పు నాకు బాగా గుర్తు. బీడీ తాగిన తృప్తిలో సగం, దగ్గులో పావు. ఆ రోజంతా బీడీ ముట్టలేదు. సాయంత్రం ఇంటికి పోయి యాదమ్మకు చూపించాను. ఆమె దూరంనుంచే చూసింది. "బీడీ తాగి దగ్గుతుంటివి, ఇగ కరెంటు తాగి దగ్గుతవా? మీటరు నీ రొమ్ముకే పెట్టుకో" అంది.

వారం తిరగకుండా పెదవులు పొక్కాయి. లోపలి జబ్బు బయటికి వచ్చిందని హడలిపోయాను. యాదమ్మ నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పి చూసింది. "మన పెండ్లిల మీ అక్క గిల్టు గొలుసేస్తె నీ మెడ ఎట్ల పొక్కింది, యాదికున్నదా? గదే ఇది. ఆ గొట్టం మూతి గిల్టుదే."

నిజమే. గొలుసుకు, గడియారానికి, ఈ గొట్టానికి పూత ఒకటే జాతి. గ్రంథాలయంలో చూస్తే, నికెల్ కలిసిన పూత కొందరి చర్మానికి పడదని ఉంది. ఆమె పెళ్ళినాటి మెడను గుర్తుపెట్టుకుని చెప్పింది, నేను పుస్తకం తెరిచి ఒప్పుకున్నాను. మూతి ప్లాస్టిక్‌ది కావాలని జాఫర్‌కు ఫోను చేస్తే నల్ల పెన్నులాంటిది పంపాడు. పెదవులు మానాయి.

గొంతు మాత్రం మానలేదు. జాఫర్ ఇచ్చిన చిన్న సీసాల్లో ఒకటి దాల్చినచెక్క వాసనది. అది పీలిస్తే మిరపకాయ కొరికినట్టుండేది. ఇంకొకటి పుదీనాది. రొమ్ములో మంచు పోసినట్టయి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. రెండూ పారేశాను. వాసన లేనిది మాత్రమే ఉంచుకున్నాను. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే ఏది పడలేదో తెలియదు. ఈ పద్ధతి ఒక సైన్సు పుస్తకంలో చదివాను, పాటించినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. అయినా పీల్చిన కాసేపటికి గొంతు లోపల ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు ఉండేది.

గ్రంథాలయంలో సత్యనారాయణ గారని గుంటూరు వైపు ఆయన. ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఏడో తరగతివాణ్ణని తెలిసీ నన్ను "మీరు" అనే పెద్దమనిషి. లావుపాటి ఇంగ్లీషు రసాయన పుస్తకం పై అర నుంచి దింపి, నిఘంటువు పక్కన పెట్టి, "రండి నర్సింగ్ గారూ, ఇద్దరం కలిసి కుస్తీ పడదాం" అన్నారు.

ఆ కుస్తీలో తేలింది ఇది. ఆ ద్రవంలో ముఖ్యంగా రెండు వస్తువులు. ఒకటి గ్లిసరిన్. నోటిపూతకు మందులషాపులో ఇచ్చేది, చిక్కగా తియ్యగా ఉంటుంది. రెండోది గ్లైకోల్ జాతిది, పలచన. దాన్ని మందుల్లో, పూతల్లో వాడతారు గానీ కొందరికి చర్మాన్ని, గొంతును రేపుతుంది.

"మీ శత్రువు ఈ రెండోవాడండీ" అన్నారు సత్యనారాయణ గారు. "అయినా నేను గ్రంథాలయం వాణ్ణి, డాక్టరమ్మ గారిని కూడా అడగండి."

అడిగాను. ఆమె పెన్నును చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేశారు. "దీని గురించి నాకు తెలిసింది లేదు. తెలియనిదాన్ని మందు అనను. అన్నీ మానడమే నా సలహా. గొంతు బిగిస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి, ఆటో ఎక్కండి."

నేను జాఫర్‌కు ఫోను చేశాను. గ్లిసరిన్ ఎక్కువ, గ్లైకోల్ తక్కువ ఉన్నది కావాలని. "ఇక్కడ దుకాన్‌వాలా కలిపిస్తడన్నా, అడుగుత" అన్నాడు.

ఆ ఎండాకాలం

మక్కాకు ఉమ్రా యాత్ర చేసి వచ్చిన జాఫర్ వాళ్ళ చుట్టం ఒకాయన ఖర్జూరాలతోపాటు సీసా తెచ్చి మా ఇంట్లో ఇచ్చిపోయాడు. దుకాణంవాడు అతికించిన చీటీ అరబ్బీలో ఉంది. అరబ్బీ భాష నాకు రాదు గానీ అక్షరాలు ఉర్దూవే కదా. కుడినుంచి కూడబలుక్కున్నాను. మొదటి మాట జ, ల, య... జలీసరీన్. గ్లిసరిన్! దాని పక్కన గీత, ఆ తర్వాత రెండో మాట జలైకోల్. ఎంత సంతోషమేసిందో. కింద విడిగా, మధ్యలో, రెండు అంకెలు. ఎడమనుంచి చదివాను. డెబ్బై, గీత, ముప్పై. గ్లిసరిన్ డెబ్బై, గ్లైకోల్ ముప్పై. అడిగిందే వచ్చింది.

ఖలీల్ భాయ్‌కు చూపించలేదు. చూపించాల్సిన అవసరమే తోచలేదు. చదువుకున్నాను కదా.

ఆ సీసా మొదలుపెట్టిన తర్వాతి రోజులు రాయడం కష్టంగా ఉంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఖలీల్ భాయ్ నమాజుకు వెళ్ళాడు. ప్రెస్సులో నేను, యంత్రం చప్పుడు. నాలుగు పీల్పులు పీల్చాను. దారం బిగిసింది. ఎప్పటిలా వదులవుతుందిలే అనుకున్నాను. వదలలేదు. ఉమ్మి మింగబోతే దిగలేదు. ఈల వేసినట్టు సన్నటి శబ్దం, ఎక్కడినుంచా అని వెతికితే నాలోంచే. గోడ పట్టుకుని వీధిలోకి వచ్చి బాలమ్మ చెప్పినట్టు దీపం ఊదుతున్నట్టు ఊదుతూ నిలబడ్డాను. నమాజు నుంచి వస్తున్నవాళ్ళు ఆటోలో వేశారు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. యాదమ్మకు చెప్పకుండా పోతున్నానని.

సూది పొడిచారు, గాలి గొట్టం పెట్టారు. సాయంత్రానికి గొంతు తెరుచుకుంది. యాదమ్మ మంచం పక్కన కూర్చుని నా మొహం వంక చూడకుండా అంది. "నిన్ను ఆ సీసలోని నీళ్ళు సంపుతయో, బీడీ సంపుతదో నువ్వే తేల్చుకో. తేలినంక నాకు జెప్పు. తెల్ల చీరె యాడ కొనాల్నో జూస్కుంట."

అప్పటినుంచి అసలు భయం పట్టుకుంది. గ్లైకోల్ తగ్గించినా ఇంతలా వచ్చిందంటే, పడనిది గ్లిసరిన్ అన్నమాట. గ్లిసరిన్ లేనిది ఏముంది? యాదమ్మ వాడే పారదర్శకమైన సబ్బు పారేశాను. దగ్గు మందు సీసా మీద సన్నటి అక్షరాలు భూతద్దంతో చదివి పారేశాను. బేకరీ కేకు ముట్టలేదు. పొరుగింట్లో పాపకు నోటిపూతకు గ్లిసరిన్ రాస్తుంటే ఆ వాకిట్లోంచి పోకుండా చుట్టూ తిరిగి పోయాను. చదివినకొద్దీ భయం, భయపడినకొద్దీ చదవడం. గొంతు ఏమీ లేకుండానే బిగిసేది. నిజంగా బిగిసిందో, బిగిసిందనుకున్నానో తెలిసేది కాదు.

పాన్‌డబ్బా దగ్గర బీడీలు అంటించుకోవడానికి తాడు వేలాడదీసి ఉంటుంది, కొస రగులుతూ. ఒకరోజు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. బీడీ నా ఊపిరితిత్తులను మెల్లగా తింటుంది, కానీ గొంతు పట్టుకోదు. ఆ లెక్క నాకు న్యాయంగా తోచింది. అంత దూరం పోయాను. ఒక బీడీ కొన్నాను. అంటించలేదు, జేబులో వేసుకున్నాను. చొక్కా మారినప్పుడల్లా జేబు మార్చి ఉంచుకున్నాను.

సీసాను మళ్ళీ ముట్టలేదు, పారేయనూ లేదు. ఎందుకో తెలియదు. ప్రెస్సు సంచిలోనే ఉండేది.

రంజాన్ నెలలో

రంజాన్ అయ్యాక పెళ్ళిళ్ళు ఎక్కువ. కార్డులన్నీ రంజాన్ నెలలోనే అచ్చు కావాలి. షాద్‌నగర్ వైపునుంచి ఖాజా మియా అని ఒక పెద్దాయన వచ్చాడు, కొడుకు పెళ్ళి. వాళ్ళింట్లో తెలుగే ఎక్కువ. "ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఉర్దూ పెట్టు బాపు. మా ఊరోళ్ళు తెలుగు సదువుతరు, వియ్యపోళ్ళు ఉర్దూ సదువుతరు" అన్నాడు.

పేర్లు ఖలీల్ భాయ్ రాశాడు. అంకెలు రెండు పక్కలా నేనే పెట్టాను. ఉర్దూ పక్క ఒక పంక్తిలో నిఖా, వలీమా అని రెండు మాటలు. వలీమా అంటే నిఖా తర్వాత పెళ్ళికొడుకు ఇంట్లో పెట్టే విందు. వాటి కింద తేదీలు. నాలుగు, గీత, ఐదు. ఎడమనుంచి పెట్టాను.

ఖలీల్ భాయ్ ప్రూఫు చూసి పడీపడీ నవ్వాడు. ఉపవాసంలో ఉన్న మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు.

"క్యా మియా! ముందుగాల్ల దావత్ పెట్టి, తెల్లారి నిఖా చేపిస్తవా? పెండ్లికొడుకు బిర్యానీ తిని పారిపోతే?"

"తప్పేముంది? నాలుగు నిఖా, ఐదు వలీమా."

"నువ్వు పెట్టింది ఐదు నిఖా, నాలుగు వలీమా."

"అంకెలు ఎడమనుంచే సదవాల్నని నువ్వే నేర్పితివి గదా భాయ్!"

"ఒక్క లెక్క లోపల ఎడమనుంచి. డెబ్బైల ఏడు ముందు, సున్నా ఎనక. గానీ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే వాటి వరస కుడినుంచే. మాట ఎటు నడుస్తదో వరస గూడ అటే నడుస్తది. నువ్వు నేర్చింది సగం, మిగిలిన సగం దావత్‌ల తిన్నవ్!"

అతను ఇంకా నవ్వుతున్నాడు. డెబ్బై అన్న మాట అతని నోట మామూలుగానే వచ్చింది, ఉదాహరణకు. నేను సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టాను.

అతను భూతద్దం తీసుకుని చీటీ చదివాడు. నవ్వు ఆగిపోయింది.

"గ్లిసరిన్ ముప్పై" అన్నాడు మెల్లగా. "గా రెండోది, గ్లైకోల్, డెబ్బై."

ఏది నాకు పడదని పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నానో దాన్నే రెండింతలకు పైగా పీల్చాను. పడనిది గ్లైకోలే, గ్లిసరిన్ కాదు. తర్వాత ఫోను చేస్తే తేలింది, జాఫర్ చెప్పింది సరిగానే చెప్పాడు, దుకాణంవాడే తలకిందులుగా కలిపాడు. కానీ చీటీ మీద నిజమే రాశాడు. నేను చదువుకోలేదు, చదివేశాను.

ఖలీల్ భాయ్ సీసాను పక్కకు జరిపాడు. బాధ కలిగితే అతనికి తెలుగు రాదు, దక్కనీ ఉర్దూయే వస్తుంది. "ఇత్తే సాల్ సే సామ్నే బైఠా హూఁ మైఁ. ఏక్ బార్ పూఛే తో క్యా హోతా థా?" అన్నాడు. ఇన్నేళ్ళుగా నీ ఎదురుగానే కూర్చున్నానే, ఒక్కసారి అడిగితే ఏం పోయేది అని. కార్డు మీద ఐదును ఎడమకు, నాలుగును కుడికి మార్చి ప్రూఫు మళ్ళీ ఇచ్చాను. అతను సంతకం పెట్టాడు.

పండుగ దాటాక

భయం అంతటితో పోయిందనుకుంటే పొరపాటు. తప్పు తెలిసింది, సరైనది ఇంకా పరీక్షకు నిలబడలేదు. ఈసారి జాఫర్‌తో ఖలీల్ భాయే మాట్లాడాడు. చిక్కటి ద్రవం పాత పెన్నులో పోస్తే లోపల దాన్ని పీల్చుకునే ఒత్తి తడవక మాడిపోతుందని, మాడిన ఆవిరి ఇంకా చెడ్డదని తెలిసింది. కాస్త లావు ఒత్తి ఉన్న పెన్ను, కొత్త సీసా కలిపి పంపాడు. చీటీ ఖలీల్ భాయ్ చదివాడు. నేనూ చదివాను. ఇద్దరం ఒకటే చదివాం.

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఎవరూ టిఫిను తినలేదు. యాదమ్మ ఇంట్లో చెప్పులేసుకుని కూర్చుంది, గుప్పిట్లో నా ఇన్‌హేలరు. ఖలీల్ భాయ్ గుమ్మం ముందు ఆటోను ఆపి ఉంచి లోపలికి వచ్చాడు. ఆటో అతను లోపలికి తొంగిచూసి, "ఎవరికన్నా నొప్పులు?" అని అడిగాడు.

"గీయనకే" అంది యాదమ్మ. ఖలీల్ భాయ్ నవ్వబోయి ఆపుకున్నాడు.

పెన్ను నోటికి ఆనించాను. యాదమ్మ నా మణికట్టు కింద తన చెయ్యి పెట్టింది. ఒక్క పీల్పు. వదిలాను. ముగ్గురం నా గొంతు వంకే చూస్తున్నాం, అది నాకు కనపడకపోయినా. ఫలక్‌నుమా స్టేషనులో రైలు కూత వినపడింది, పోయింది. ఉమ్మి మింగాను. దిగింది. మళ్ళీ మింగాను. దిగింది.

"ఏమైతున్నది?" అంది యాదమ్మ.

"ఏం ఐతలేదు."

"సరిగ్గ జూసి జెప్పు."

"ఏం ఐతలేదే!"

ఆమె ఏడవలేదు. "మాట్లాడుతున్నడు" అంది ఖలీల్ భాయ్‌తో, నేను అక్కడ లేనట్టు. "గొంతు బిగిస్తే గింత గట్టిగ మాట్లాడడు." ఆటో అతన్ని పంపేశారు. చెప్పులు మాత్రం సాయంత్రందాకా విప్పలేదు. వంట చేసింది, బట్టలు ఆరేసింది, చెప్పులతోనే.

ఆ తర్వాత కొన్ని నెలలు. నికోటిన్ తక్కువది, ఇంకా తక్కువది, అలా దిగుతూ వచ్చాను. ఇప్పుడున్న సీసా అన్నిటికంటే పలచన. ఇది అయిపోయాక ఇంకోటి తెప్పించనని డాక్టరమ్మకు మాటిచ్చాను. ఆమె తల ఊపారు, నమ్మినట్టు కాదు, చూద్దాం అన్నట్టు. పోయిన ఊపిరి తిరిగి రాలేదు. వంతెన మధ్యలో ఇప్పటికీ ఆగుతాను. కానీ ఎక్కుతాను.

యాడ దొరుకుతదని అడిగేవాళ్ళకు నా మాట ఇదే. బీడీ అలవాటు లేనివాడు దీని జోలికి రావద్దు. ఉన్నవాడు డాక్టరు దగ్గరికి పోయి మానే దారి అడగాలి. నాకు పడింది మీకు పడుతుందని నేను చెప్పలేను, నాకు పడనిదేదో తెలుసుకోవడానికే ప్రాణం మీదికి వచ్చింది. గొంతు బిగిస్తే పుస్తకం తెరవకండి, ఆటో ఎక్కండి. చీటీ చదవడం వచ్చినా సరే, పక్కవాడికి ఒకసారి చూపించండి.

మొన్న చొక్కా ఉతకడానికి వేస్తూ యాదమ్మ జేబులోంచి ఎండిన బీడీ ఆకు పొడి దులిపింది. ఏమిటని అడగలేదు. ఆమెకు తెలుసు.

ఇక పేర్లు. వంతెన మీద నాతోపాటు ఊదిన బాలమ్మకు, ఈ ఏడు సీతాఫలాలు ఆమె దగ్గరే కొన్నాను, ఎప్పుడూ ఆమె దగ్గరే కొంటాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన డాక్టర్ సుజాత గారికి. పై అర నుంచి పుస్తకం దింపిన సత్యనారాయణ గారికి. సెలవు రోజుల్లో జిద్దా ఎండలో దుకాణాల చుట్టూ తిరిగిన జాఫర్‌కు. శుక్రవారం నన్ను ఆటోలో వేసిన, పేర్లు తెలియని నమాజీలకు. తేదీలు రెండు పక్కలా పెట్టించుకున్న ఖాజా మియాకు, ఆయన కొడుకు నిఖా ముందే జరిగింది, దావత్ తర్వాతే పెట్టారు.

మిగిలినవి రెండు పేర్లు. ఎవరిని ముందు పెట్టాలో తేలక ఈ పంక్తి చాలాసార్లు చెరిపాను. చివరికి మా బల్లే దారి చూపింది. ఇద్దరినీ ఒకే వరసలో, పక్కపక్కన పెడుతున్నాను.

యాదమ్మ – ఖలీల్

ఎడమనుంచి చదివేవాళ్ళకు ఆమె ముందు. కుడినుంచి చదివేవాళ్ళకు అతను ముందు. ప్రూఫు ఇద్దరికీ చూపించాను. తప్పు లేదన్నారు.